ముందు లేబుల్ రాసుకోండి, ల్యాబ్ సంగతి తర్వాత

మీ ప్రశ్న పెద్దది కాబట్టి మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. మీరు ముగ్గురు మిత్రులు. ప్రత్తిపాడు దగ్గర మిరప చేలో చచ్చిన పురుగు మీద తెల్ల బూజు కనిపిస్తే తెచ్చి, యలహంకలో అద్దె షెడ్డులో పెంచి, నూనెలో కలిపి మందు చేశారు. ఆ బూజు బ్యువేరియా, అంటే పురుగులకు రోగం తెచ్చి చంపే బూజు, అని తేలింది. ఊళ్లో బంధువులు పదకొండు మంది నల్ల తామర పురుగుకు కొట్టి చూసి బాగుందన్నారు. దీన్ని అమ్మాలంటే అనుమతి ఎవరిస్తారు, ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది అని అడిగారు. చివర్లో, పెద్ద విషయం కానట్టు, ఇంకో వాక్యం రాశారు: "సాయంత్రానికల్లా పురుగు రాలాలని రైతులు అంటున్నారు, అందుకని కొంచెం కెమికల్ కలుపుతున్నాం. అది లేబుల్ మీద వెయ్యాలా?"

నేను తెనాలి నుంచి బెంగళూరు వచ్చి పురుగుమందుల రిజిస్ట్రేషన్ ఫైళ్లు చూడబట్టి ఇరవై రెండేళ్లయింది. ఇలాంటి ప్రశ్నల్లో అసలు సంగతి ఎప్పుడూ ఆఖరి లైన్లోనే ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ కెమికల్ కలపడం ఈ పూటే ఆపండి. అది ఉన్నంతవరకూ మీది బయో మందు కాదు. రాయకుండా అమ్మితే నేరం. రాసి అమ్మాలంటే కెమికల్ మందుకు అడిగే డేటా మొత్తం కావాలి, దాంతోపాటు బూజుకు అడిగేదీ కావాలి. ఇంకొకటి, మీరు కలిపే కెమికల్ మీ బూజునే చంపడం లేదని ఎవరైనా చూశారా? పదకొండు మంది రైతులు మెచ్చుకున్నది బ్యువేరియానో, ఆ కొంచెమో మీకే తెలియదు.

గుంటూరు వైపు షాపుల్లో "బయోలు" అని అమ్మే సీసాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నింట్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. రైతు బయో కదా అని మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా కొడతాడు. కళ్లు తిరిగి పడిపోతే ఇంట్లోవాళ్లు సీసా పట్టుకుని ఆస్పత్రికి పరుగెడతారు. డాక్టర్ లేబుల్ చూస్తే అక్కడ సముద్రపు నాచు, అమైనో ఆమ్లాలు అని ఉంటుంది. విరుగుడు ఏమివ్వాలో ఆయనకు ఎలా తెలుస్తుంది? రిజిస్టర్ అయిన ప్రతి మందు లేబుల్, దాంతో ఇచ్చే కరపత్రాల్లో విషలక్షణాలు, విరుగుడు రాయాలని రూల్ పెట్టింది ఇందుకే.

అసలు ఈ చట్టం వెనకాల కూడా అలాంటి కథే ఉంది. 1958లో పారాథియాన్ అనే మందు, గోధుమలు ఒకే ఓడలో వచ్చాయి. మందు కారి గోధుమల్లో కలిసింది. ఆ పిండి తిని కేరళలోనూ, అప్పటి మద్రాసు రాష్ట్రంలోనూ వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కమిటీలు, నివేదికలు నడిచి 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. ఇప్పటికీ మన ఫైళ్లన్నీ ఆ చట్టం మీదే నడుస్తున్నాయి. దాని స్థానంలో కొత్తది తేవాలని 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు పార్లమెంటులో పెట్టారు.

ఫైలు వెళ్లేది ఫరీదాబాద్‌కి. సీఐబీఆర్‌సీ అని అందరూ కలిపి పిలుస్తారు కానీ అవి రెండు. కేంద్ర పురుగుమందుల బోర్డు సాంకేతిక సలహాలు ఇస్తుంది. మీ మందు ఉంచాలా తోసెయ్యాలా అని తేల్చేది రిజిస్ట్రేషన్ కమిటీ, వాడుకలో ఆర్‌సీ. చట్టంలో సెక్షన్ 9 కింద మూడు దారులున్నాయి. 9(3) పూర్తి రిజిస్ట్రేషన్. 9(3బి) దేశంలోకి మొదటిసారి వస్తున్న మందుకు రెండేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్. 9(4) అంటే ఇప్పటికే ఎవరో రిజిస్టర్ చేసిన మందునే అవే షరతులతో మేమూ చేస్తామని వెళ్లడం, ఫీల్డులో మీటూ అంటారు. జీవ మందులకు మార్గదర్శకాలు వేరుగా, కెమికల్ కంటే తేలిగ్గా ఉంటాయి. మీదిలాంటి కొత్త స్ట్రెయిన్, అంటే ఆ బూజులోనే ఒక ప్రత్యేక రకం, సాధారణంగా 9(3బి)తో మొదలై, ఆ రెండేళ్లలో మిగతా డేటా పూర్తిచేసి 9(3)కి వెళ్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఆర్‌సీ అనుమతి ఇచ్చేది మీ షెడ్డులోని డ్రమ్ముకు అనుకుంటారు. ఇచ్చేది లేబుల్‌కు. ఫలానా స్ట్రెయిన్, ఇంత శాతం, ఫలానా పంట మీద ఫలానా పురుగుకు, హెక్టారుకు ఇంత మోతాదు, ఇంతకాలం నిల్వ ఉంటుంది అని మీరు చెప్పుకుంటున్న ప్రతి మాటకూ వాళ్లు రుజువు అడుగుతారు. చెప్పుకోని దానికి అడగరు. అందుకే నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకు ముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ సీసా మీద ఏముండాలో రాయండి అంటాను. మీ ప్రశ్నలో ఉన్న వివరాలతో మీ కాగితం నేనే నింపి చూశాను.

మొదటి లైను పేరు. బ్యువేరియా బాసియానా అని రాస్తే చాలదు, స్ట్రెయిన్ నంబరు కావాలి. ఆ నంబరు రావాలంటే మాలిక్యులర్ గుర్తింపు, అంటే డీఎన్‌ఏ పరీక్ష, చేయించాలి, కల్చర్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి జాతీయ భాండాగారంలో డిపాజిట్ చేయాలి. ఇది కాకుండా జీవవైవిధ్య చట్టం ఒకటుంది, కొత్తవాళ్లు దాన్ని మర్చిపోతారు. మన నేల మీద దొరికిన జీవిని వ్యాపారానికి వాడుకుంటున్నారు కాబట్టి, భారతీయులైతే ఆ రాష్ట్ర జీవవైవిధ్య బోర్డుకు ముందుగా తెలియజేయాలి. మీ బూజు గుంటూరు జిల్లాది, షెడ్డు కర్ణాటకలో ఉన్నా మొదట తలుపు తట్టాల్సింది ఆంధ్ర బోర్డుది. విదేశీయులు గానీ, ఎన్నారైలు గానీ ఉంటే వ్యవహారం చెన్నై తరమణిలో ఉన్న జాతీయ జీవవైవిధ్య అథారిటీ దాకా వెళ్తుంది. పెట్టుబడి డల్లాస్‌లో ఉన్న బావగారిదని రాశారు కదా. 2023 సవరణతో కంపెనీల విషయంలో ఈ నిర్వచనాలు మారాయి. బావగారికి వాటా రాసిచ్చే ముందే కంపెనీ సెక్రటరీకి ఈ ఒక్క ముక్క చూపించండి. పేటెంట్ ఆలోచన ఉన్నా ఈ చట్టమే అడ్డం పడుతుంది.

రెండో లైను బలం. బ్యువేరియాకు గ్రాముకో మిల్లీలీటరుకో కనీసం పది కోట్ల సీఎఫ్‌యూ ఉండాలి, అంటే మొలకెత్తగలిగే అన్ని బీజాలన్నమాట. సాల్మొనెల్లా, షిగెల్లా, విబ్రియో లాంటివి అస్సలు ఉండకూడదు. షెడ్డులో పెంచేవాళ్లు సాధారణంగా ఇక్కడే దొరికిపోతారు. మంచి బ్యాచ్ ఒకటి పట్టుకెళ్తే లాభం లేదు. వేర్వేరు బ్యాచ్‌లు ఒకేలా రావాలి. ఒకే రోజు వండిన గిన్నెలోంచి మూడు సీసాలు నింపి మూడు బ్యాచ్‌లు అన్నవాళ్లను నేను చూశాను, కాగితాల మీద తయారీ తేదీలే వాళ్లను పట్టిచ్చాయి.

మూడో లైను పంట, పురుగు. మీరు "అన్ని పంటలకూ, అన్ని రసం పీల్చే పురుగులకూ" అని రాయాలనుకుంటున్నారు. వద్దు. మిరప, తామర పురుగు అని రాయండి, అక్కడ కూడా ఏ తామర పురుగో తేల్చుకోండి. మనవాళ్లు పాతికేళ్లుగా చూస్తున్న పైముడత తామర వేరు, 2021-22లో గుంటూరు, ఖమ్మం మిరపను ఊడ్చేసిన నల్ల తామర వేరు. ఈ రెండోది మన దేశంలో ఉందని మొదట బయటపడింది బెంగళూరులోనే, బొప్పాయి మీద, 2015లో. మీ బూజు దొరికింది చచ్చిన పురుగు మీదే కానీ ఆ పురుగు ఏదో మీ ప్రశ్నలో లేదు. హెబ్బాళ దగ్గర బళ్లారి రోడ్డు మీద ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల ఎన్‌బీఏఐఆర్ ఉంది, కీటకాల మీద పనిచేసే జాతీయ సంస్థ. మీ షెడ్డు నుంచి పెద్ద దూరం కాదు. పురుగును, బూజును రెండింటినీ పట్టుకుని అక్కడికి వెళ్లండి.

పంట మీద పనితనం చూపించే ట్రయల్స్ మీ బంధువుల చేలల్లో చేసినవి లెక్కలోకి రావు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఐసీఏఆర్ సంస్థల్లో, వేర్వేరు వాతావరణ ప్రాంతాల్లో, ఒకటికి మించి సీజన్లు చేయించాలి. మిరపకైతే నేను గుంటూరు దగ్గర లాం ఫారం, రాయచూరు, కోయంబత్తూరు లాంటి మూడు చోట్లు చూస్తాను. మందు కొట్టని మడి ఒకటి, మార్కెట్లో ఉన్న మందు కొట్టిన మడి ఒకటి, మీది రెండు మూడు మోతాదుల్లో, రెట్టింపు మోతాదు కొడితే ఆకు మాడుతుందా, అక్షింతల పురుగుల్లాంటి మిత్ర పురుగులు బతుకుతాయా, దిగుబడి ఎంత, ఇవన్నీ రాస్తారు.

ఎన్నాళ్లు పడుతుందన్న దానికి జవాబు ఎక్కువగా ఇక్కడే ఉంది. అందరూ ఆఫీసుల్లో ఆలస్యం గురించి భయపడతారు. పూర్తి దరఖాస్తును 12 నెలల్లో, అవసరమైతే ఇంకో 6 నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. కానీ మిరప నాటేది ఆగస్టు, సెప్టెంబరులో. తామర విజృంభించేది నవంబరు నుంచి. సెప్టెంబరుకల్లా శాస్త్రవేత్తతో ఒప్పందం, ఫీజు, శాంపిల్ సీసాలు సిద్ధంగా లేకపోతే ఒక ఏడాది పోయినట్టే, ఫరీదాబాద్‌ను తిట్టుకుని లాభం లేదు. పురుగు రాని ఏడాది కూడా పోయినట్టే. జీవ మందు ఏ తప్పూ జరక్కుండా వెళ్తే రెండున్నర, మూడేళ్లు అని నేను చెప్తాను. ఏ తప్పూ జరగని ఫైలును ఇరవై రెండేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

నా చేతిలోనే చెడిన ఫైలు ఒకటి చెప్తాను. అప్పుడు నాకు అయిదారేళ్ల అనుభవం. ఒక చిన్న కంపెనీ, పేరు వద్దు. రెండు సీజన్ల ట్రయల్స్ అయ్యాయి, రిపోర్టులు బాగున్నాయి. మధ్యలో స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతోందని రైతులు అన్నారని వాళ్ల ప్రొడక్షన్ ఆయన ఎమల్సిఫయర్, అంటే నూనెను నీళ్లలో కలిపే పదార్థం, మార్చేశాడు. మంచి ఉద్దేశంతోనే. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. టాక్సికాలజీకి, అంటే విష పరీక్షలకు, వెళ్లిన సీసా కొత్త ఫార్ములా, ట్రయల్స్‌కి వెళ్లింది పాతది. ఫైల్లో రెండు కంపోజిషన్లు పక్కపక్కనే కూర్చున్నాయి. ఫైల్లో లోపాలున్నాయని ఆఫీసు నుంచి డెఫిషియెన్సీ లెటర్ వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. ట్రయల్స్ మళ్లీ మొదటి నుంచి చేయించాం. అప్పటి నుంచి ఎవరు వచ్చినా, ఫార్ములా ఎప్పుడు ఫ్రీజ్ చేస్తారు అన్నదే నా మొదటి ప్రశ్న. ట్రయల్‌కి, ఎలుకలకి, నిల్వ పరీక్షకి వెళ్లే సీసాల్లో ఉన్నది ఒకటే మందు కావాలి. మీ ఫార్ములా నెలకోసారి మారుతోందని మీరే రాశారు.

నాలుగో లైను గడువు తేదీ. రసాయన మందుకైతే 54 డిగ్రీల దగ్గర 14 రోజులు పెట్టి తొందరపెట్టి చూసే పరీక్ష ఉంది. ప్రాణమున్న బూజుకు అది కుదరదు, మాడి చస్తుంది. మామూలు వాతావరణంలోనే, రెండు వేర్వేరు ప్రాంతాల్లో, అక్కడి ఉష్ణోగ్రత, తేమ లెక్కలతో సహా నిల్వ ఉంచి, నెలలు గడిచేకొద్దీ సీఎఫ్‌యూ ఎంత పడిపోయిందో చూపించాలి. యలహంక షెడ్డులో ఏడాది బతికిందని మీరు సంబరపడ్డారు. యలహంక చల్లదనానికి ఏదైనా బతుకుతుంది. మే నెలలో నరసరావుపేటలో రేకుల షాపులో పై అరలో పెడితే ఎన్నాళ్లుంటుందో చూడండి. మీ మందు కొనేది అక్కడివాళ్లు. నన్నడిగితే రెండో ప్రాంతంగా గుంటూరునే పెట్టుకోండి. అంకె తక్కువ రానీ, లేబుల్ మీద తక్కువ నెలలే రాయండి.

అయిదో లైను మూలన ఉండే రంగు త్రిభుజం. ఎలుకకు నోటి ద్వారా ఎంత ఇస్తే సగం చస్తాయన్న దాన్ని బట్టి రంగు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా ఎక్కే విషానికి వేరే అంకెలున్నాయి. జీవ మందులు మామూలుగా ఆకుపచ్చలోకి వస్తాయి, కానీ వస్తాయని మీరు అనుకుంటే చాలదు, పరీక్ష చేయించాలి. నోటి ద్వారా, ఊపిరితిత్తుల ద్వారా, చర్మం, కన్ను, ఇవి కాక బూజు ఎలుక ఒంట్లో బతికి రోగం తెస్తుందా అన్నది కూడా చూస్తారు. జీఎల్‌పీ, అంటే పరీక్షలు పద్ధతి ప్రకారం చేస్తారన్న గుర్తింపు ఉన్న ల్యాబ్‌లు బెంగళూరులోనూ ఉన్నాయి, చెన్నై దగ్గర పడప్పైలో ఐఐబీఏటీ అనే విష పరీక్షల సంస్థ ఉంది. ల్యాబ్‌కి అడ్వాన్స్ కట్టే ముందు, గుర్తింపు మీకు కావాల్సిన ఆ పరీక్షకే ఉందా అని సర్టిఫికెట్ చూడండి.

చేపలు, పక్షులు, తేనెటీగలతోపాటు మీ విషయంలో పట్టుపురుగు ముఖ్యం. బ్యువేరియా చరిత్రే పట్టుపురుగుతో మొదలైంది. పట్టుపురుగులను సున్నం పూసినట్టు తెల్లగా బిగదీసి చంపే రోగానికి కారణం ఒక సూక్ష్మజీవి అని 1835లో ఇటలీలో అగోస్టినో బాస్సి నిరూపించాడు. బాసియానా అన్నది ఆయన పేరే. ఇక్కడి కన్నడ రైతులు ఆ రోగాన్ని సుణ్ణకట్టు అంటారు. మీరు షెడ్డు పెట్టింది శిడ్లఘట్ట, దేవనహళ్లి దగ్గరి విజయపుర, రామనగర ఉన్న పట్టు దేశం మధ్యలో. ఆంధ్ర వైపు హిందూపురం. మల్బరీ తోటల దగ్గర వాడకూడదన్న హెచ్చరిక ఆఫీసువాళ్లు అడగకముందే లేబుల్ మీద మీరే పెట్టండి. షెడ్డు నుంచి బయటికి పోయే గాలి, వ్యర్థాల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. పక్కింటివాళ్లు చంద్రికల్లో, అంటే వెదురు తట్టల్లో, పట్టుపురుగుల చేత గూళ్లు కట్టిస్తున్నారేమో ఒకసారి చూసి రండి.

ఇంత విన్నాక కూడా కెమికల్ కలిపే చేస్తాం అంటారేమో, ఆ కాగితం ఎలా ఉంటుందో కూడా చెప్తాను. అయిదు బ్యాచ్‌ల విశ్లేషణ, టెక్నికల్‌లో, అంటే ఇంకేమీ కలపని అసలు కెమికల్‌లో, 0.1 శాతం దాటిన ప్రతి మలినం ఏమిటో చెప్పడం, టెక్నికల్ రిజిస్టర్ అయిన సోర్స్ నుంచే కొనడం. ఆ కెమికలే కొత్తదైతే 90 రోజుల పరీక్షలు, పునరుత్పత్తి, పిండం మీద ప్రభావం, ఎలుకల్లో రెండేళ్ల క్యాన్సర్ అధ్యయనం. ఎలుకకు రెండేళ్లంటే రెండేళ్లే, డబ్బిచ్చి తొందరపెట్టలేం. తర్వాత అవశేషాలు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో తేల్చాలి, ఆ పంటలో ఎంతవరకు ఉండొచ్చో గరిష్ఠ పరిమితిని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్ణయించాలి. పరిమితి పెట్టని మందుకు చాలా తక్కువ అంకే లెక్క. గుంటూరు మిరప ఎగుమతి సరుకు, కొనేవాళ్లు ఆ అంకె చూసే కొంటారు. ఇది ముగ్గురు కుర్రాళ్లు, ఒక బావగారి వల్ల అయ్యే పని కాదు.

ఎవరో మీకు బయోస్టిమ్యులెంట్, అంటే మొక్క ఎదుగుదలకు వాడేది, అని పేరు పెట్టి అమ్మేయమని సలహా ఇచ్చారట. 2021లో కేంద్రం వాటినీ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అందులో పురుగుమందు అవశేషాలకు పరిమితి ఉంది. పైగా పురుగును చంపుతుంది అన్న మరుక్షణం మీరు పురుగుమందుల చట్టంలోకి వచ్చేస్తారు. చంపుతుందని రాయకుండా అమ్మితే మీ మందు రైతు ఎందుకు కొంటాడు?

ఖర్చు అంకె చెప్పమన్నారు. ల్యాబ్ కొటేషన్లు చూడకుండా నేను చెప్పను. కానీ ప్రభుత్వ ఫీజు గురించి టెన్షన్ పడకండి, అది మొత్తంలో చాలా చిన్న ముక్క. పెద్దవి టాక్సికాలజీ, ఆ తర్వాత ట్రయల్స్. డబ్బు బిగుతుగా ఉంటే ఇంకో దారి ఉంది, మీకు నచ్చకపోవచ్చు. ఎన్‌బీఏఐఆర్ లాంటి సంస్థలు తమ దగ్గరున్న స్ట్రెయిన్లను, తయారీ పద్ధతితో సహా కంపెనీలకు లైసెన్సుకు ఇస్తాయి. వాటి మీద కొంత పని ఇప్పటికే జరిగి ఉంటుంది. మీ బూజు మీద మీకున్న మమకారం నాకు అర్థమవుతుంది, కానీ మొదటి మందు వాళ్ల స్ట్రెయిన్‌తో చేసి, ఆ ఆదాయంతో రెండోది మీదాంతో చేయడం తెలివైన పని అని నా అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ వచ్చాక రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి తయారీ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అమ్మే ప్రతి రాష్ట్రంలో అమ్మకం లైసెన్సు ఉంటాయి. అది అప్పుడు చూసుకోవచ్చు. అద్దె షెడ్డు ఒప్పందం మాత్రం ఇప్పుడే చూడండి, నివాస ప్రాంతంలో ఉంటే తయారీ లైసెన్సు దగ్గర ఆగిపోతారు.

ఇక ఈ వారం పని. ఊళ్లో ఆ పదకొండు మంది దగ్గర మిగిలిన సీసాలు వెనక్కి తెప్పించండి, అందులో ఏ కెమికల్ ఉందో వాళ్లకు ఫోన్ చేసి పేరు పెట్టి చెప్పండి. ఆ మిరప ఎవరైనా ఎండబెట్టి అమ్మడానికి సిద్ధంగా ఉంటే, మిర్చి యార్డుకు తీసుకెళ్లే ముందు ఒక శాంపిల్ అవశేషాల పరీక్షకు పంపండి, ఖర్చు మీరే పెట్టుకోండి. కెమికల్ కలపని బూజు ఒక్కదాన్నే మళ్లీ కొట్టి చూడాలన్న తొందర మీకుంటుంది. అది రైతు చేలో వద్దు, షెడ్డులో నాలుగు కుండీల మిరప మొక్కలు చాలు. మొక్కల మీద పురుగు ఎన్ని రోజులకు చచ్చిందో రోజూ లెక్కపెట్టి రాయండి. ఆ నోటుబుక్కు, పురుగు ఏదో తేల్చిన కాగితం పట్టుకుని రండి, మిగతా ఫైలు సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడదాం.